గుంటలోకి దూకిన అధికారి



మా విచారణలో ఒక పెద్దాయన ఉన్నారు. ఆదివారం దివ్యబలిపూజకు అందరికంటే ముందే వస్తారు గాని, కూర్చునేది మాత్రం అందరికంటే వెనుక, తలుపు పక్కన. కుడిచేయి మణికట్టు దాకానే ఉంది, ఆ కింద ఏమీ లేదు. తువ్వాలు కింద ఆ చేతిని దాచుకుని కూర్చుంటారు. దివ్యసత్ప్రసాదం చేతిలో తీసుకోరు, నాలుక మీదే స్వీకరిస్తారు. ఆ చేయి ఎలా పోయిందో ఊరందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు. మన సీమలో కక్షలు రగులుతున్న రోజుల్లో, ఎవరి కోసమో రాత్రిపూట నాటుబాంబులు చుడుతుంటే ఒకటి చేతిలోనే పేలింది. పక్కనే ఉన్న మరో కుర్రవాడు బతకలేదు.

ఆ కాలం చాలావరకు గడిచిపోయింది, దేవునికి వందనాలు. కాని ఆ కాలపు మాటలు మన ఇళ్లలో ఇంకా మిగిలే ఉన్నాయి. పౌరుషం అనే మాట వినగానే మన పిల్లల కళ్ల ముందు ఏం కదులుతుందో మీకు తెలుసు. మొన్న సత్యోపదేశ తరగతిలో ధైర్యవంతుడంటే ఎవరని అడిగాను. మగపిల్లలు చెప్పిన పేర్లన్నీ సినిమా వాళ్లవే. సుమోలు గాల్లోకి లేవడం, కొడవళ్లు తిరగడం, ఒక్కడే యాభై మందిని నరకడం. ఒక అమ్మాయి మాత్రం సైనికుడని చెప్పింది. ఆమె అన్న సైన్యంలో ఉన్నాడు. వెంటనే పక్కవాడు లేచి, సైనికుడు కూడా మనుషుల్ని చంపుతాడు గదా స్వామీ, మరి తేడా ఏముంది అని అడిగాడు.

తత్వశాస్త్రంలో పట్టా తీసుకున్నవాణ్ణి. నిర్వచనాలు నాలుగైదు నోటి దాకా వచ్చాయి. పిల్లవాడి ముఖం చూశాక వాటితో పని జరగదని అర్థమైంది. వాడికి కావలసింది నిర్వచనం కాదు, ఒక మనిషి. అందుకే ఈ వారం ఒక మనిషిని మీ ఇంటికి తీసుకొస్తున్నాను. మన మతంవాడు కాదు, మన భాషవాడూ కాదు. కాని సైనికుడిగా ఆయన జీవితం మొదలైంది మన తెలుగునాట, గోల్కొండ కోట నీడలో. పేరు అర్దెషీర్ బుర్జోర్జీ తారాపోర్. ఇంట్లోవాళ్లూ స్నేహితులూ ఆది అని పిలిచేవారు. దేశంలో యుద్ధవీరులకిచ్చే అత్యున్నత పురస్కారమైన పరమవీర చక్ర ఆయనకు లభించింది, మరణానంతరం.

తారాపోర్ వంశీయులు పార్సీలు. పారశీక దేశం నుంచి వెయ్యేళ్లకు పూర్వమే వచ్చి మన పడమటి తీరంలో స్థిరపడినవారు పార్సీలు. జరతుష్ట్ర ప్రవక్త మార్గంలో ఒకే దేవుణ్ణి ఆరాధిస్తారు, అగ్నిని మహా పవిత్రంగా చూస్తారు. ఆది పూర్వీకుల్లో రతన్‌జీబా అనే ఆయన ఛత్రపతి శివాజీ కొలువులో సైనికాధికారి అనీ, ఆయన పరాక్రమానికి మెచ్చి నూరు గ్రామాలు ఇచ్చారనీ, వాటిలో ముఖ్యమైన తారాపూరు పేరే ఇంటిపేరైందనీ ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. ఆది తాతగారి కాలానికి కుటుంబం హైదరాబాదు చేరింది, తాతగారు నిజాం ప్రభుత్వంలో ఎక్సైజు శాఖలో ఉద్యోగం చేశారు. తండ్రి బుర్జోర్జీ కస్టమ్స్ శాఖలో పనిచేశారు, పారశీక, ఉర్దూ భాషల్లో పండితుడు. ఆది 1923 ఆగస్టు 18న బొంబాయిలో పుట్టాడు.

చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి. ఆరేళ్ల వయసులో, ఇంటి ఆవరణలో అక్క యాద్గార్‌తో ఆడుకుంటున్నాడట. ఇంటి ఆవు కట్టు తెంచుకుని ఆ అమ్మాయి మీదికి దూసుకొచ్చింది. ఆవు ఊపు మీద ఉంటే పెద్దవాళ్లే పక్కకు తప్పుకుంటారని పల్లెలో పుట్టిన మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ పిల్లవాడు అక్కకూ ఆవుకూ మధ్య నిలబడి, చేతిలో ఉన్న కర్రతో దాని ముట్టె మీద కొట్టాడు. ఆవు ఆగిపోయింది. గొప్పవాళ్ల బాల్యంలో ఇలాంటి కథలు తర్వాత అల్లుతారని నాకు కొంచెం అనుమానం ఎప్పుడూ ఉంటుంది. కాని దీన్ని నేను నమ్ముతాను. ఎందుకో మీరే ముందు ముందు చూస్తారు.

ఏడేళ్లకే పూనాలోని సర్దార్ దస్తూర్ బాలుర వసతి పాఠశాలకు పంపారు. చదువులో పెద్దగా రాణించలేదు. తల్లులారా, మార్కులు తక్కువ వచ్చాయని పిల్లల మీద విరుచుకుపడే ముందు ఈ వాక్యం మరోసారి చదవండి. ఆటల్లో, ఈతలో, బాక్సింగులో మాత్రం ముందుండేవాడు. 1940లో మెట్రిక్యులేషన్ ముగించి నిజాం సైన్యానికి దరఖాస్తు పెట్టాడు. గోల్కొండలోని అధికారుల శిక్షణ పాఠశాలలోనూ, ఆ తర్వాత బెంగుళూరులోనూ శిక్షణ పొంది, 1942లో ఏడవ హైదరాబాదు పదాతి దళంలో సెకండ్ లెఫ్టినెంటుగా చేరారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతోంది.

పదాతి దళమంటే కాలినడకన పోయి యుద్ధం చేసే దళం. బరువంతా వీపు మీద, ప్రాణం అరచేతిలో. నిజం చెప్పాలంటే తారాపోర్‌కు అది రుచించలేదు. ఆయన మనసంతా గుర్రపు దళం మీద, అంటే ఆ రోజుల్లో ఇనుప బండ్లకూ టాంకులకూ మారుతున్న దళాల మీద ఉండేది. అడిగినా బదిలీ దొరకలేదు. అలాంటి రోజుల్లో ఒకనాడు కొత్త జవాన్లకు చేతిబాంబులు విసరడం నేర్పుతున్నారు. హైదరాబాదు సైన్యానికి సర్వసేనాని మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ స్వయంగా చూడడానికి వచ్చారు.

చేతిబాంబు ఎలా పనిచేస్తుందో పిల్లలకు చెబుతాను. పిన్ను లాగినా, మీటను చేత్తో అదిమి పట్టుకున్నంత సేపు ఏమీ కాదు. చేతినుంచి వదిలిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. కొన్ని సెకన్లే. అంతలో అది దూరంగా పడాలి. నేర్చుకునే వాళ్లు విసిరేది ఒక గుంటలాంటి చోట నిలబడి. ఆ రోజు ఒక కుర్ర జవాను చేయి తడబడింది. బాంబు దూరంగా పోక, విసిరే చోటనే పడిపోయింది.

ఇక్కడ కాసేపు ఆగండి. యుద్ధం కాదది. ఎదురుగా శత్రువు లేడు. జెండా లేదు, నినాదాలు లేవు. భయపడిన ఒక కుర్రవాడు, వాడి కాళ్ల దగ్గర పేలబోతున్న ఇనుప ముద్ద, గట్టు మీద ఒక యువ అధికారి. ఆ అధికారికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. వెనక్కి దుమికి నేలకు కరుచుకుపోయి ఉంటే ఎవరూ తప్పు పట్టరు. శిక్షణ పుస్తకం కూడా అదే చెబుతుంది. తారాపోర్ గుంటలోకి దూకారు. బాంబును చేత్తో తీసి బయటికి విసిరారు. చేతిని విడిచిన వెంటనే అది పేలింది. ఇనుప ముక్కలు రొమ్ములో గుచ్చుకున్నాయి.

గాయాలు మానాక ఎల్ ఎద్రూస్ పిలిపించి అభినందించారు. తారాపోర్ ఆ అవకాశం వదులుకోలేదు. తనను గుర్రపు దళానికి మార్చమని అడిగారు. సేనాని ఒప్పుకున్నారు. ఆ విధంగా మొదటి హైదరాబాదు ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్‌లో చేరి, యుద్ధకాలంలో పశ్చిమాసియాలో పనిచేశారు. తన ప్రాణం పణంగా పెట్టి ఒకణ్ణి కాపాడినవాడు, దాని వెంటనే తనకు కావలసిన బదిలీ అడిగాడంటే కొందరికి చిన్నతనంగా తోచవచ్చు. నాకు మాత్రం ఈ ముక్క లేకపోతే ఆ మనిషి మీద అంత ప్రేమ కలిగేది కాదు.

ఈ చేతిబాంబు సంగతి ఒక సాయంత్రం మా వెనుక వరుస పెద్దాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తువ్వాలు తీసి, లేని చేతి వైపు చూసుకున్నారు. తర్వాత, ఇది పిల్లలకు చెప్పండి స్వామీ అని ఒక్క మాట అని వెళ్లిపోయారు. నేను రాయడానికి కూర్చున్నది ఆ రాత్రే.

ఇక 1948. నందికొట్కూరు, కర్నూలు ప్రాంతపు పాతవాళ్లకు ఈ సంవత్సరం గురించి ఎవరూ చెప్పనక్కరలేకపోయేది. కర్నూలు నుంచి తుంగభద్ర దాటితే అవతలి గట్టు నిజాం రాజ్యం. అలంపురం పోవాలంటే మరొక ప్రభుత్వంలోకి పోవడమే. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది గడిచినా హైదరాబాదు భారతదేశంలో చేరలేదు, రజాకార్ల ఆగడాలు మితిమీరాయి. చివరకు సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులోకి ప్రవేశించింది. పోలీసు చర్య అని పేరు పెట్టారు గాని నడిపింది సైన్యమే. దానికి నాయకుడు మొదటి సాయుధ డివిజన్ అధిపతి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి. ఐదు రోజుల్లో ముగిసిపోయింది. 18న ఎల్ ఎద్రూస్, చౌదరి ముందు తన సైన్యంతో లొంగిపోయారు.

పాతికేళ్ల తారాపోర్ పరిస్థితి ఊహించండి. తాను ప్రమాణం చేసిన రాజ్యం ఒక్క వారంలో లేకుండా పోయింది. తనను మెచ్చిన సేనాని ఓడిన సేనాని అయ్యారు. తన యూనిఫారానికి అర్థం లేదు. చుట్టూ ఉన్నవాళ్లకు తాను మొన్నటి దాకా అవతలి పక్షంవాడు. మన ఊళ్లలో పక్షం మారి వచ్చినవాణ్ణి ఎలా చూస్తామో మనకు తెలుసు. ముందు అనుమానం, తర్వాత ఎత్తిపొడుపు, పెళ్లిళ్లలో వేరే పంక్తి. ఎన్నాళ్లయినా వాడు వాళ్ల మనిషేనంటాం. ఈ విషయంలో మన దేవాలయాలు కూడా తక్కువ తినలేదని బాధతోనే రాస్తున్నాను.

భారత సైన్యం తారాపోర్‌ను తీసుకుంది. 1951 ఏప్రిల్ 1న ఆయన పూనా హార్స్ అనే దళంలో చేరారు. 1817లో ఏర్పడిన పాత దళం అది, గుర్రాల నుంచి టాంకులకు మారింది. అక్కడ పద్నాలుగేళ్లకు పైగా పనిచేసి దానికే నాయకుడైన లెఫ్టినెంట్ కల్నల్ అయ్యారు. ఆ దళానికి ఇచ్చిన టాంకులు బ్రిటన్‌లో తయారైనవి, పేరు సెంచూరియన్. వాటి మీద శిక్షణకు ఆయన ఇంగ్లండు కూడా వెళ్లి వచ్చారు. సెంచూరియన్ అంటే మరేమీ కాదు, సువార్తలో మనం వినే శతాధిపతే. తన సేవకుని కోసం క్రీస్తునాథుని వేడుకున్న ఆ సైనికాధికారి. దివ్యసత్ప్రసాదం స్వీకరించేముందు మనమంతా చెప్పే మాట ఆయన నోట వచ్చిందేనని మీరు గుర్తుంచుకున్నారా? ఒక పటాలంవాడి మాటను తల్లి శ్రీసభ ప్రతి పూజలో మన నోట పెట్టింది. యాభై టన్నుల ఇనుప యంత్రానికి ఆ పేరు పెట్టినవాళ్లకు ఇదంతా తోచి ఉండదు లెండి.

1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. ఆగస్టులో కాశ్మీరులోకి చొరబాట్లు, సెప్టెంబరు 1న ఛంబ్ మీద దాడి, 6న మన సైన్యం లాహోరు వైపు సరిహద్దు దాటడం, ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. మన కథ నడిచేది దానికి ఉత్తరాన సియాల్‌కోట్ ప్రాంతంలో. అక్కడికి వెళ్లింది మొదటి సాయుధ డివిజన్. 1948లో హైదరాబాదు మీదికి నడిచిన ఆ డివిజనే. అందులో ఒక భాగం పూనా హార్స్. భారత సైన్యాధిపతి ఎవరో తెలుసా? హైదరాబాదు లొంగుబాటును అందుకున్న ఆ జె.ఎన్. చౌదరిగారే, ఇప్పుడు జనరల్. పదిహేడేళ్ల క్రితం ఓడిన సైన్యంలోని యువకుడు, గెలిచిన సేనాని చేతి కింద, గెలిచిన డివిజన్ ముందు వరుసలో నిలబడ్డాడు.

సెప్టెంబరు 11న ఫిలోరా అనే ఊరును పట్టుకునే పనిలో ప్రధాన దాడి పూనా హార్స్‌కు అప్పగించారు. వెనుకనుంచి వెళ్లి అదాటున పడాలన్నది పథకం. ఫిలోరాకూ చవిండాకూ మధ్యనుంచి దళం చొచ్చుకుపోతుండగా, వజీర్‌వాలీ వైపునుంచి శత్రు టాంకులు హఠాత్తుగా ఎదురుదాడికి దిగాయి. తారాపోర్ తన టాంకుతో దళానికి ముందున్నారు. వెనక్కి తగ్గలేదు. నిలబడి, ఆ తాకిడిని కాచుకుని, ఒక స్క్వాడ్రనుతో, వెంట ఉన్న పదాతి దళంతో కలిసి ఫిలోరా మీదికి వెళ్లారు. ఫిలోరా చేజిక్కింది. ఆ పోరులో ఆయన గాయపడ్డారు. ఆసుపత్రికి పంపిస్తామంటే ఒప్పుకోలేదు.

14న ఆ గాయంతోనే వజీర్‌వాలీని పట్టుకున్నారు. 16న జస్సోరన్, బుటూర్ డోగ్రాండి. ఆయన టాంకుకు చాలాసార్లు దెబ్బలు తగిలాయి. ఆ రెండు చోట్లా ఆయన చేయవలసిన పని ముందుకు దూకడం కాదు, కదలకుండా నిలబడడం. పదాతి దళం వెనుకనుంచి చవిండా మీదికి వెళ్లాలంటే, ఆ రెండు ఊళ్ల దగ్గర టాంకులు కాపుగా ఉండాలి. టాంకులు కదిలిపోతే కాలినడకన వచ్చే జవాన్లు బట్టబయలులో పిట్టల్లా రాలిపోతారు. ఒకప్పుడు తాను వదిలి వచ్చిన ఆ కాలినడక జవాన్ల కోసం ఆయన అక్కడ నిలబడ్డారు. ఆ 16నే శత్రువుల కాల్పుల్లో ప్రాణం విడిచారు. ఆయన పోయాక కూడా పూనా హార్స్ తన చోటు వదల్లేదు. ఆ ఆరు రోజుల్లో ఆ దళం సుమారు అరవై శత్రు టాంకులను ధ్వంసం చేసి, తనవి తొమ్మిది పోగొట్టుకుందని పురస్కార పత్రంలో రాశారు.

బుటూర్ డోగ్రాండిలో పోరాడిన పదాతి దళం ఎనిమిదవ గఢ్వాల్ రైఫిల్స్. వాళ్ల నాయకుడు లెఫ్టినెంట్ కల్నల్ ఝీరాద్ కూడా అక్కడే నేలకొరిగారు. ఆయన మన దేశపు యూదుడు, కొంకణ తీరంలో తరతరాలుగా ఉన్న బెనె ఇజ్రాయెల్ సమాజంవాడు. ఆయన తర్వాత నాయకత్వం తీసుకున్న మేజర్ అబ్దుల్ రఫే ఖాన్ కూడా అదే పోరులో మరణించారు. ఆయన ముస్లిం, ఆయనకు వీరచక్ర ఇచ్చారు. వాళ్ల కింద పోరాడినవాళ్లు హిమాలయాల్లోని గఢ్వాలీ హిందువులు. ఆ చిన్న ఊరి పొలాల్లో ఒక పార్సీ, ఒక యూదుడు, ఒక ముస్లిం ఒకరి వెంట ఒకరు చనిపోయారు. గ్రామసభలో కూర్చుని, తాగునీటి కుళాయి ఏ వీధిలో వేయాలో తేల్చుకోలేక కులాలవారీగా విడిపోయే మనకు ఇది చదువుతుంటే కొంచెం సిగ్గనిపించాలి. నాకైతే అనిపించింది.

ఇప్పుడు ఆ కుర్రవాడి ప్రశ్న దగ్గరికి వద్దాం. సైనికుడు కూడా చంపుతాడు. అవును, చంపుతాడు. అరవై టాంకులు ధ్వంసమయ్యాయని ఒక్క వాక్యంలో రాసేశాం. ఒక్కో టాంకులో నలుగురైదుగురు మనుషులుంటారు, వాళ్లకూ తల్లులుంటారు. ఈ లెక్కను కప్పిపెట్టి వీరగాథ చెబితే అది అబద్ధమవుతుంది. ఇంకొక మాట కూడా దాచకూడదు. అంత పోరాడినా చవిండా మన చేతికి రాలేదు. సెప్టెంబరు 23న కాల్పులు ఆగాయి. 1966 జనవరి 10న తాష్కెంటులో ఒప్పందం కుదిరి, రెండు సైన్యాలూ పాత చోట్లకు తిరిగి వెళ్లాయి. ఫిలోరా, వజీర్‌వాలీ, జస్సోరన్, బుటూర్ డోగ్రాండి, అన్నీ మళ్లీ పాకిస్తాన్‌కు వెళ్లాయి. ఒక భార్య, ఒక తల్లి ఇది పత్రికలో చదివినప్పుడు ఏమనుకుని ఉంటారో నేను ఊహించగలను గాని రాయలేను.

తారాపోర్ మరణించిన పద్దెనిమిది రోజులకు, అక్టోబరు 4న, ఆరవ పౌలు పాపుగారు న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి ముందు నిలబడి, యుద్ధం ఇక ఎన్నటికీ వద్దని దేశాలను వేడుకున్నారు. అంతకు ముందు సంవత్సరం డిసెంబరులో ఆయన తారాపోర్ పుట్టిన బొంబాయి నగరానికే వచ్చి వెళ్లారు. ఆ 1965 డిసెంబరులో రెండవ వాటికన్ మహాసభ తన ఆఖరి పత్రాల్లో యుద్ధం గురించి మాట్లాడింది. విచక్షణ లేకుండా ఊళ్లకు ఊళ్లను నాశనం చేయడాన్ని ఘోర నేరంగా ఖండించింది. అదే సమయంలో, దేశ రక్షణకు సైన్యంలో పనిచేసేవారు తమ విధిని సరిగా నెరవేరిస్తే వాళ్లు ప్రజల భద్రతకూ స్వేచ్ఛకూ సేవకులని గౌరవించింది. ఈ రెండు మాటలూ ఒకే పత్రంలో, పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పట్టుకుని రెండోది వదిలేసేవాళ్లను నేను ఇరువైపులా చూశాను.

గురువిద్యాలయంలో మాకు అక్వీనాసు తోమాసు పునీతుణ్ణి చదివించేటప్పుడు, ధైర్యం గురించి ఆయన చెప్పిన ఒక సంగతి అప్పట్లో నాకు విడ్డూరంగా అనిపించింది. ధైర్యంలో ముఖ్యమైన పని ఎదుటివాడి మీద పడడం కాదట, చెదరకుండా నిలబడి భరించడమట. మీదపడేవాడికి కోపం తోడుంటుంది, తాను బలవంతుణ్ణన్న ధీమా ఉంటుంది. నిలబడేవాడికి ఆ తోడేమీ ఉండదు, ప్రమాదం కళ్లముందే ఉంటుంది, సేపు కూడా ఎక్కువ. కుర్రతనంలో ఇది పరీక్ష కోసం రాసి మరిచిపోయాను. ఆవుకూ అక్కకూ మధ్య ఆరేళ్ల పిల్లవాడు, పేలబోయే బాంబు దగ్గర ఇరవై ఏళ్ల యువకుడు, బుటూర్ డోగ్రాండిలో గాయంతో నలభై రెండేళ్ల కల్నల్, ఈ మూడూ వరుసగా చూసినప్పుడు నాకు ఆ పాఠం మళ్లీ గుర్తొచ్చింది. మూడు చోట్లా ఆయన నిలబడింది ఎవరికో ఒకరికి అడ్డంగా. మూడోసారి మాత్రమే యుద్ధం.

చాటునుంచి నాటుబాంబు విసిరేవాడికీ ఈయనకూ తేడా ఆయుధంలో లేదు నాయనా, బాంబు ఎటు పోతోంది, నువ్వు ఎవరి ముందు నిలబడ్డావు అన్నదే చూడు. వచ్చే ఆదివారం తరగతిలో ఆ కుర్రవాడికి చెప్పదలచింది ఇంతే. వాడు ఇంకో ప్రశ్న వేస్తాడని కూడా తెలుసు.

1965 యుద్ధానికి పరమవీర చక్ర ఇద్దరికే ఇచ్చారు. ఒకరు కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్, రెండోవారు తారాపోర్. అప్పటి రాష్ట్రపతి తత్వశాస్త్ర ఆచార్యులైన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. 2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లో ఇరవై ఒక్క దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు ఒకటి తారాపోర్ దీవి అయింది. హైదరాబాదు వెళ్లినప్పుడు మీ పిల్లలకు గోల్కొండ కోట చూపిస్తారు గదా. చప్పట్లు కొడితే పైకి వినిపించే చోటు చూపించాక, ఈయన శిక్షణ పొందింది కూడా ఇక్కడేనని చెప్పండి.

చివరగా, చనిపోవడానికి అయిదు రోజుల ముందు సంగతి. తన తర్వాతి అధికారి మేజర్ చీమాను పిలిచి, తాను చనిపోతే ఏం చేయాలో తారాపోర్ చెప్పారు. యుద్ధభూమిలోనే దహనం చేయమన్నారు. పార్సీ నోట ఇది చిన్న మాట కాదు. పవిత్రమైన అగ్నిని శవంతో మైలపరచకూడదని, వాళ్లు మృతదేహాన్ని ఎత్తయిన మౌనగోపురంలో ఉంచుతారు. మనకూ ఈ విషయం కొంత తెలుసు. సమాధి చేయడమే ఆచారమైన మన శ్రీసభ 1963లోనే గదా దహనానికి అనుమతి ఇచ్చింది. అయినా ఇప్పటికీ ఎవరైనా ఆ మాటెత్తితే మన ఇళ్లలో ఎంత గొడవ! తన జవాన్లు తన దేహాన్ని మోసుకుంటూ శత్రువు తుపాకుల కింద తిరగడం ఇష్టంలేకనేమో, తన మతాచారాన్ని కూడా పక్కన పెట్టి ఆయన అలా కోరారు.

తర్వాత తన వస్తువులు ఒక్కొక్కటి ఎవరికివ్వాలో చెప్పారు. ప్రార్థన పుస్తకం అమ్మకు. మెడలోని బంగారు గొలుసు భార్య పెరిన్‌కు. ఉంగరం కూతురు జరీన్‌కు. ఫౌంటెన్ పెన్ను కొడుకు జెర్‌క్సిస్‌కు. అంతే, ఆయన ఆస్తిపత్రం ముగిసింది. ఆయన కోరినట్టే యుద్ధభూమిలోనే దహనం చేశారు. నలభై రెండేళ్లు నిండి అప్పటికి నెల కూడా కాలేదు.